కొత్త పంపు కారుతోందా?.. మందు కలపకముందే సరిచూసుకోండి

● తయారీ లోపాలను ఇంట్లోనే గుర్తించవచ్చు
● అరగంట మంచినీటి పరీక్షతో ఆరోగ్యం, పెట్టుబడి రెండూ భద్రం
● ఒత్తిడి గది పగిలితే మాత్రం ముట్టుకోవద్దు

నర్సంపేట: పత్తి చేను మోకాలెత్తు పెరిగి ఆకుల అడుగున పచ్చదోమ కనిపించగానే రైతు మొదట వెతికేది స్ప్రేయర్ కోసమే. పాతది పనికిరాకపోతే పట్టణానికి వెళ్లి కొత్తది కొనుక్కొస్తారు. ఇంటికి తెచ్చిన మరుసటి రోజు ఉదయమే మందు కలిపి, వీపున వేసుకుని చేనులోకి దిగుతారు. నాలుగు సాళ్లు తిరిగేసరికి నడుము దగ్గర చల్లగా తగులుతుంది. చెమట కాబోలు అనుకుంటారు. చొక్కా పూర్తిగా తడిసి ఒంటికి అంటుకున్నాక గాని అది చెమట కాదని, ట్యాంకు అడుగు నుంచి కారుతున్న పురుగుమందు ద్రావణమని తెలియదు. అప్పటికప్పుడు చేతికందిన గుడ్డపీలిక చుట్టి, మరలన్నీ బలంకొద్దీ బిగించి, ఆ పూట పని ముగించేవారే అధికం.

కొత్త వస్తువులో లోపం ఉండదన్న నమ్మకమే ఈ అవస్థకు మూలం. చేతి స్ప్రేయర్ అనేది పదుల సంఖ్యలో చిన్న భాగాలను కలిపి బిగించిన యంత్రం. వాటిలో ఏ ఒక్కటి సరిగా కూర్చోకపోయినా ద్రవం దారి వెతుక్కుంటుంది. శుభవార్త ఏమిటంటే, ఈ లోపాలలో చాలావాటిని ప్రత్యేక పనిముట్లేవీ లేకుండా ఇంటి అరుగు మీదనే గుర్తించవచ్చు, సరిచేసుకోవచ్చు. షరతు ఒక్కటే.. ఆ పని పంపులో మందు పడకముందే జరగాలి.

చుక్కే కదా అనుకుంటే..

కారేది చుక్కచుక్కగానే కదా అన్న ఉదాసీనత సర్వసాధారణం. లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. సుమారు 20 నీటిచుక్కలు ఒక మిల్లీలీటరు అవుతాయి. సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే నిమిషానికి 3 మిల్లీలీటర్లు, గంటకు 180 మిల్లీలీటర్లు. ఐదు గంటలు మందు కొట్టే రైతు వీపు మీద ఆ పూట పడేది 900 మిల్లీలీటర్లు, అంటే లీటరుకు కొంచెం తక్కువ. అంత ద్రావణం పైరు మీద పడవలసింది మనిషి మీద పడుతోందన్నమాట.

పురుగుమందు నోటి ద్వారానే ఒంట్లోకి వెళ్తుందన్న భావన సరికాదు. ముఖ్యంగా ఆర్గనోఫాస్ఫేట్ వర్గానికి చెందిన మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందులు చర్మం ద్వారా కూడా రక్తంలో కలుస్తాయి. తడిసిన చొక్కా గంటల తరబడి ఒంటికి అంటుకుని ఉంటే మందును చర్మానికి అదిమి పెట్టినట్లే అవుతుంది. చెమట పట్టిన వేడి చర్మం దానిని మరింత తేలికగా లోనికి తీసుకుంటుంది.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలలో మందు పిచికారీ చేస్తూ విషప్రభావానికి గురై 20 మందికి పైగా రైతులు, కూలీలు మరణించారు. ఆ విషాదాన్ని కారుతున్న పంపులకు మాత్రమే ఆపాదించలేం. తలెత్తు పెరిగిన పైరు, మందుల మిశ్రమాలు, రక్షణ దుస్తులు లేకపోవడం వంటివి అప్పట్లో చర్చకు వచ్చాయి. అయితే మందు తాగకుండా కేవలం కొట్టినంత మాత్రాన కూడా ప్రాణం పోవచ్చునని ఆ ఘటన దేశానికి చాటింది. ఒంటి మీద పడే ప్రతి చుక్కనూ ఆపడం ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

లోపం ఎక్కడ పుడుతుంది?

చేతి స్ప్రేయర్ పనితీరు కష్టమైనదేమీ కాదు. సాధారణంగా 16 లీటర్లు పట్టే ట్యాంకు, పక్కన పిడి, లోపల పిస్టన్, దానికి కప్పులాంటి వాషరు ఉంటాయి. పిడి కదిపినప్పుడల్లా ద్రావణం ఒక వాల్వు గుండా సిలిండర్‌లోకి వచ్చి, మరో వాల్వు గుండా ఒత్తిడి గదిలోకి వెళ్తుంది. ఆ గదిలోని గాలి నలిగి, స్ప్రింగులా ద్రావణాన్ని గొట్టంలోకి నెడుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే అది కడ్డీ గుండా నాజిల్‌కు చేరి సన్నని తుంపరలుగా మారుతుంది. ఈ దారిలో రెండు భాగాలు కలిసే ప్రతి చోటా ఒక రబ్బరు రింగు గాని వాషరు గాని కాపలా ఉంటుంది.

ప్లాస్టిక్ భాగాలను కరిగించిన ప్లాస్టిక్‌ను అచ్చులో పోసి ఒత్తి తయారు చేస్తారు. అచ్చు రెండు సగాలు కలిసే గీత వెంట ఒక్కోసారి పలుచని పొర మిగిలిపోతుంది. అచ్చు అరిగిపోయినకొద్దీ ఈ పొర మందమవుతుంది. అది బయటివైపు ఉంటే చూపుకు వికారమే గాని నష్టం లేదు. రబ్బరు రింగు కూర్చునే గాడిలో అడ్డంగా ఉంటే మాత్రం రింగును కొద్దిగా పైకి లేపి, పక్కన వెంట్రుకవాసి సందును సృష్టిస్తుంది. ఒత్తిడిలో ఉన్న నీటికి ఆ సందు చాలు.

ఇత్తడి భాగాలది మరో కథ. వాటిని లేత్ మీద కోసి, రంధ్రాలు తొలుస్తారు. రంధ్రం అంచున ముళ్లలాంటి లోహపు పదును మిగిలిపోతుంది. సన్నని ఇత్తడి రజను మరల మధ్య ఇరుక్కుంటుంది. వాటిని శుభ్రం చేయకుండానే బిగిస్తే కొత్త రింగు మొదటి బిగింపులోనే చీలిపోతుంది. రజను కొట్టుకుపోయి నాజిల్‌లో అడ్డుపడుతుంది. ఇవి గాక, హడావిడిగా బిగించేటప్పుడు వాషరు అంచు ముడుచుకుపోవడం, ఒక రింగు వేయడమే మరచిపోవడం, మర అడ్డదిడ్డంగా ఎక్కడం వంటివి కూడా జరుగుతుంటాయి.

మొదటి రోజు మంచినీళ్లే

కొత్త పంపును విప్పే ముందు దాని ఫొటోలు తీసి పెట్టుకోవడం మంచిది. వారంటీ కాగితం చదవాలి. భాగాలు విప్పితే వారంటీ వర్తించదని అందులో ఉంటే, మరమ్మతుకు దిగకుండా దుకాణదారు వద్దకే తీసుకెళ్లాలి. కింది పరీక్షకు మాత్రం ఏదీ విప్పనక్కర్లేదు.

ట్యాంకును రెండు మూడు సార్లు మంచినీటితో కడిగి పారబోయాలి. తరువాత సగం వరకు శుభ్రమైన నీరు నింపి, మూత బిగించి, పాత వార్తాపత్రికలు పరచిన అరుగు మీద ఉంచాలి. పంపు బయటి భాగాన్ని పొడిగుడ్డతో తుడవాలి. ట్రిగ్గర్ మూసి ఉంచి పిడి గట్టిపడేవరకు కొట్టాలి. పావుగంట అలాగే వదిలేయాలి. కారుతున్న చోటు కింద కాగితం మీద తడిమచ్చ పడుతుంది. మచ్చకు సరిగ్గా పైనున్న అతుకే దోషి అనుకోరాదు. నీరు గొట్టం వెంట జారి మరోచోట పడవచ్చు. అందువల్ల ఒక్కో అతుకును పొడి కాగితంతో అద్ది చూడాలి. ముందుగా ఏది తడి చేస్తే అసలు లోపం అక్కడే.

నీరు కారకుండా ఒత్తిడి మాత్రమే తగ్గిపోతుంటే గాలి తప్పించుకుంటోందన్నమాట. సబ్బు నురుగును ఒత్తిడి గది అతుకులకు పూస్తే గాలి పోయే చోట బుడగలు లేస్తాయి. సైకిల్ ట్యూబు పంక్చరును నీటిలో ముంచి కనిపెట్టే ఉపాయమే ఇదీ.

చివరిగా ట్యాంకును నిండా నింపి, మూత బిగించి, ముందుకు, పక్కలకు వంచి చూడాలి. మందు కొట్టేటప్పుడు రైతు ఎలా వంగుతారో అలాగన్నమాట. మూత చుట్టూ నీరు చిందితే అది వీపు మీదకే వస్తుందని గ్రహించాలి.

పరీక్షించినది ఇప్పటికే మందు పోసి వాడిన పంపు అయితే ముందుగా మూడుసార్లు కడిగి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకునే పని మొదలుపెట్టాలి. కడిగిన నీటిని చెరువుల్లో, బావుల దగ్గర పారబోయరాదు. పంపు ఏదైనా సరే, ఏ మర విప్పే ముందైనా ట్రిగ్గర్ నొక్కి లోపలి ఒత్తిడిని పూర్తిగా వదిలేయాలి.

బిగిస్తే ఆగదు.. ఎందుకు?

అతుకు కారుతుంటే రెంచీతో బలంగా బిగించడం అందరికీ అలవాటు. రబ్బరు రింగుతో పనిచేసే అతుకుకు ఇది విరుగుడు కాదు. రింగు తన గాడిలో కొద్దిగా నలిగి, ఒత్తిడి పెరిగినకొద్దీ తానే సందును మూసుకుంటుంది. అతిగా బిగిస్తే రింగు నలిగి తెగుతుంది, లేదా ప్లాస్టిక్ మర జారిపోతుంది. మర జారిపోయాక ఆ భాగాన్ని మార్చడం తప్ప దారి లేదు. చేతితో బిగుతుగా తిప్పి, ఆపైన పావు చుట్టు తిప్పితే సరిపోతుంది.

ప్లాస్టిక్ మర ఎక్కించడంలోనూ ఒక కిటుకు ఉంది. ముందుగా వెనక్కి తిప్పాలి. మరల అంచులు కలిసినప్పుడు టిక్కుమని చిన్నగా కిందికి దిగినట్లు చేతికి తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే మర అడ్డంగా ఎక్కదు.

నల్లాలకు చుట్టే తెల్లని టెఫ్లాన్ టేపు అన్ని చోట్లా పనికిరాదు. రబ్బరు రింగు లేకుండా మర మీదనే ఆధారపడిన లోహపు అతుకులకు దానిని బిగించే దిశలోనే రెండు మూడు చుట్లు చుట్టవచ్చు. రింగు ఉన్న చోట టేపు చుడితే రింగు తన స్థానంలో కూర్చోలేక కారడం పెరుగుతుంది.

రింగు కూర్చునే చోటును చూడండి

బిగింపు సరిగా ఉన్నా కారుతుంటే రింగును తీసి చూడాలి. దానిని వేళ్ల మధ్య తిప్పుతూ కొద్దిగా సాగదీస్తే కోత, చీలిక ఉంటే బయటపడతాయి. రింగు బాగానే ఉంటే లోపం అది కూర్చునే గాడిలో ఉందని అర్థం. గాడి చుట్టూ గోరు కొనను మెల్లగా తిప్పాలి. అచ్చు గీత ఉన్న చోట గోరు తట్టుకుంటుంది. సెల్‌ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి పెద్దది చేసి చూస్తే కంటికి అందని గీత కూడా కనబడుతుంది.

దీనికి మందు 600 నంబరు వాటర్ పేపర్. హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. చిన్న ముక్కను నీటిలో తడిపి, అగ్గిపుల్లకు చుట్టి, గాడి ఎటు తిరిగితే అటే మెల్లగా రుద్దాలి. గాడికి అడ్డంగా రుద్దితే కొత్త గీతలు పడి, నీటికి కొత్త దారులు ఏర్పడతాయి. గోరు తట్టుకోవడం ఆగగానే పని ఆపాలి. ఎక్కువ అరగదీస్తే గాడి లోతై రింగు వదులవుతుంది. తరువాత పొడి మిగలకుండా కడగాలి.

బల్లపరుపు వాషరు కూర్చునే అంచు వంకరగా ఉందన్న అనుమానం వస్తే తెలుసుకునేందుకు మరో పద్ధతి ఉంది. ఆ అంచు మీద పెన్సిలుతో అడ్డగీతలు గీయాలి. అద్దపు ముక్క మీద వాటర్ పేపర్ పరచి, అంచును దాని మీద బోర్లించి, ఒత్తిడి పెట్టకుండా ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదు సార్లు తిప్పాలి. గీతలు చెరిగిన చోటు ఎత్తు, మిగిలిన చోటు పల్లం. అన్ని గీతలు సమానంగా చెరిగేదాకా రుద్దితే అంచు సమమవుతుంది. పల్లం మరీ లోతుగా ఉంటే అది ఇంట్లో తీరే లోపం కాదు. ఆ భాగాన్ని మార్పించుకోవాలి.

ఇత్తడి భాగాల అంచున ముళ్లు ఉంటే అదే కాగితంతో నునుపు చేసి, పళ్ల బ్రష్షుతో మరలను శుభ్రం చేయాలి. రజనంతా పోయాకే కొత్త రింగు వేయాలి.

ఇంజిన్ ఆయిల్ పూస్తే ముప్పే

రింగులకు చేతికందిన నూనెనో, గ్రీజునో పూయడం గ్రామాల్లో పరిపాటి. సహజ రబ్బరు రింగులు పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. ఒకటి రెండు రోజులు కారడం ఆగినట్లు కనిపించినా తరువాత రింగు పట్టు కోల్పోతుంది. ఈసీ అని రాసి ఉండే పురుగుమందుల్లోని ద్రావకాలు కూడా నాసిరకం రబ్బరును ఇలాగే దెబ్బతీస్తాయి. మార్చేటప్పుడు నైట్రైల్ రబ్బరు రింగు అడిగి తీసుకుంటే నూనెలను తట్టుకుంటుంది. విటాన్ రకం అంతకన్నా మన్నికైనది, ధర కూడా ఎక్కువే. పూతకు సిలికాన్ గ్రీజు శ్రేష్ఠం. పాత రకం పంపుల్లోని తోలు వాషర్ల సంగతి వేరు. అవి నూనెలో నానితేనే మెత్తబడి పనిచేస్తాయి.

పిడి చెప్పే సంగతులు

బయట ఎక్కడా తడి లేకపోయినా పంపు బలంగా కొట్టకపోతే లోపం వాల్వుల్లో ఉంటుంది. ఏ వాల్వు అనేది పిడి పట్టుకుంటేనే తెలుస్తుంది. పిడిని వదలగానే తనంతట తాను కదులుతుంటే, ఒత్తిడి గదిలోని నీరు సిలిండర్‌లోకి వెనక్కి వస్తోందన్నమాట. పైకి పంపే వాల్వు సరిగా మూసుకోవడం లేదు. పిడి ఎంత కొట్టినా తేలికగా ఆడుతూ ఒత్తిడే పుట్టకపోతే నీరు పీల్చుకునే వాల్వులో గాని, పిస్టన్ వాషరులో గాని లోపం ఉంది.

వాల్వులో గోళీ గాని, రబ్బరు పలక గాని ఉంటుంది. దాని కింద ప్లాస్టిక్ పొట్టో, ఇత్తడి రజనో ఇరుక్కోవడం కొత్త పంపుల్లో తరచు కనిపించే లోపం. విప్పి కడిగితే పోతుంది. గోళీ కూర్చునే అంచున పొర మిగిలి ఉంటే ముందు చెప్పినట్లే తీయాలి. పిస్టన్ వాషరు అంచు ముడుచుకుని ఉంటే తీసి, సరిచేసి, ముందున్న దిశలోనే తిరిగి వేయాలి. మడత గుర్తు పోకపోతే కొత్తది వేయడమే మేలు. ఏ భాగం ఏ వరుసలో ఉందో విప్పే ముందే ఫొటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు.

చాలామంది దృష్టికి రాని మరో లోపం ట్యాంకు మూతలో ఉంటుంది. ద్రావణం ఖాళీ అయినకొద్దీ గాలి లోపలికి వెళ్లేందుకు మూతకు సన్నని రంధ్రం, ద్రావణం బయటికి రాకుండా దానికి రబ్బరు రెప్ప ఉంటాయి. రంధ్రం పూడిపోయి ఉంటే కాసేపు కొట్టగానే పిడి బరువెక్కి, ట్యాంకు గోడలు లోపలికి లాక్కుపోతాయి. మూత వదులు చేయగానే పంపు మామూలుగా పనిచేస్తే కారణం అదేనని నిర్ధారణ అవుతుంది. మూత వదులుగా పెట్టుకుని మందు కొట్టడం పరిష్కారం కాదు. రంధ్రాన్ని శుభ్రం చేయాలి. రెప్ప లేకపోతే మూత మార్పించుకోవాలి.

నాజిల్ చిన్నదే.. నష్టం పెద్దది

పంపు కారకపోయినా నాజిల్ సరిగా లేకుంటే పెట్టుబడి వృథా అవుతుంది. పురుగు, తెగులు మందులకు వాడే హాలో కోన్ నాజిల్‌లో జల్లెడ, ద్రావణాన్ని సుడి తిప్పే పలక, మధ్యలో రంధ్రమున్న డిస్కు ఉంటాయి. సుడి తిరిగిన ద్రావణం రంధ్రం నుంచి బోలు శంకువు ఆకారంలో విచ్చుకుంటుంది. పొడిగా ఉన్న సిమెంటు నేల మీద మంచినీటిని కొట్టి చూస్తే గుండ్రని ఉంగరంలాంటి తడి కనిపించాలి. ఉంగరంలో ఒక పక్క ఖాళీ ఉన్నా, ఒక పక్క ధారగా పడినా లోపం ఉన్నట్లే.

లోపం ఎందులో ఉందో తెలుసుకునేందుకు మిగతావాటిని కదపకుండా డిస్కును మాత్రమే పావు చుట్టు తిప్పి మళ్లీ కొట్టాలి. ఖాళీ కూడా పావు చుట్టు జరిగితే దోషం డిస్కుది. అంటే రంధ్రం నడిమధ్యలో లేదు, లేదా దాని అంచున ముల్లు ఉంది. ఖాళీ కదలకుండా పాత చోటే ఉంటే సుడి పలకలో గాని, అవి కూర్చునే చోట గాని చెత్త ఉంది. కడిగితే సరిపోతుంది.

డిస్కు రంధ్రాన్ని పిన్నీసుతో, తీగతో పొడవడం మాత్రం పూర్తిగా మానుకోవాలి. రంధ్రం వ్యాసం పదో వంతు పెరిగితే దాని వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. అదే ఒత్తిడిలో నిమిషానికి 500 మిల్లీలీటర్లు కొట్టవలసిన నాజిల్ సుమారు 605 మిల్లీలీటర్లు కొడుతుంది. ప్రతి ఐదు ట్యాంకులకు ఆరో ట్యాంకు మందు అదనంగా ఖర్చవుతుందన్నమాట. నిర్ణీత పరిమాణం కన్నా 10 శాతం ఎక్కువ వస్తుంటే నాజిల్ మార్చాలన్నది నిపుణులు పాటించే నియమం. శుభ్రం చేయడానికి మెత్తని బ్రష్షు, నీరు చాలు. నోటితో ఊదడం ప్రమాదకరం.

నాజిల్ సరిచేశాక ఒకసారి లెక్క కట్టుకోవాలి. రెండు గుంటలు, అంటే ఐదు సెంట్ల చేనులో మామూలు నడకతో మంచినీటిని కొట్టి ఎంత ఖర్చయిందో కొలవాలి. ఎకరాలో అది ఇరవయ్యో వంతు. కనుక 10 లీటర్లు పడితే ఎకరాకు 200 లీటర్లు, అంటే 16 లీటర్ల ట్యాంకులు పన్నెండున్నర కావాలి. ఎకరాకు సిఫారసు చేసిన మందును అన్ని ట్యాంకులకు పంచుకోవాలి. ఈ లెక్క లేకుండా మూత కొలతతో ట్యాంకుకు ఇంత అని పోయడం వల్లనే మోతాదు తప్పుతోంది.

ఇవి ఇంట్లో చేయరాదు

ఒత్తిడి గదిలో చీలిక, ట్యాంకు గోడలో పగులు ఇంటి మరమ్మతుకు లొంగేవి కావు. పంపులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 3 కిలోల వరకు ఉందనుకుంటే, ఐదు సెంటీమీటర్ల వ్యాసం గల మూత మీద దాదాపు 60 కిలోల బరువు పడుతుంది. జిగురు, కాల్చిన కడ్డీతో వేసిన అతుకు ఆ బరువును నమ్మకంగా మోయలేవు. మందు నిండిన పంపు వీపు మీద ఉండగా అతుకు ఊడితే జరిగేది ఊహించవచ్చు. చార్జింగ్ పంపులో గొట్టం క్లిప్పు బిగించుకోవడం, జల్లెడ, నాజిల్ శుభ్రం చేసుకోవడం వరకే రైతు పని. బ్యాటరీ, చార్జర్, తీగల జోలికి వెళ్లరాదు.

మరమ్మతు పూర్తయ్యాక మంచినీటి పరీక్ష మొత్తం మళ్లీ చేయాలి. కాగితం మీద పావుగంట సేపు ఒక్క మచ్చ కూడా పడకపోతేనే పంపు చేనుకు సిద్ధమైనట్లు.

బిల్లు ఉంటేనే హక్కు

తయారీ లోపాన్ని సరిచేసే బాధ్యత నిజానికి రైతుది కాదు. ఒక రింగు, ఒక వాషరు మార్చుకోవడం సమయం ఆదా కోసమే. పెద్ద లోపం ఉంటే కొత్తది ఇమ్మని అడిగే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం-2019 కల్పించింది. సొంత జీవనోపాధి కోసం కొన్న పనిముట్టుకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. దుకాణదారు స్పందించకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. రైతు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. న్యాయవాది ఉండి తీరాలన్న నియమమూ లేదు. కావలసిందల్లా బిల్లు, వారంటీ కాగితం, కారుతుండగా తీసిన ఫొటో లేదా వీడియో. తక్కువ ధరకు వస్తుందని బిల్లు వద్దనుకుంటే ఈ హక్కును నిరూపించుకోవడం కష్టమవుతుంది.

కొనేటప్పుడే దుకాణం ముందు నీరు పోయించి కొట్టి చూపమనడం అన్నిటికన్నా తేలిక. పిస్టన్ రకం చేతి స్ప్రేయర్లకు ఐఎస్ 3906 అనే భారతీయ ప్రమాణం ఉంది. పంపు మీద ఆ గుర్తు ఉందేమో చూడాలి. విడి రింగులు, వాషర్లు, నాజిళ్లు ఆ దుకాణంలో దొరుకుతాయో లేదో కూడా అడగాలి. విడిభాగాలు దొరకని పంపు ఎంత చవకైనా ఒక్క సీజనుకే పరిమితం.

మందు ఒంటిమీద పడితే..

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా చేనులో పంపు కారడం మొదలైతే ఆ ట్యాంకు పూర్తి చేద్దామనుకోరాదు. వెంటనే దించి, తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో ధారాళంగా స్నానం చేయాలి. తలతిరగడం, వాంతులు, నోట చొంగ కారడం, చూపు మసకబారడం, ఊపిరి ఆడకపోవడం వంటివి కనిపిస్తే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తరలించాలి. మందు డబ్బాను లేదా దాని లేబులును వెంట తీసుకెళ్లాలి. ఏ విషమో తెలిస్తేనే వైద్యులు తగిన విరుగుడు ఇవ్వగలుగుతారు. సాగు సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551లో సలహా పొందవచ్చు.

విత్తనం మొలుస్తుందో లేదో గోనెసంచిలో వేసి చూసుకునే అలవాటు రైతులకు తరతరాలుగా ఉంది. పంపు విషయంలోనూ అదే జాగ్రత్త కావాలి. బకెట్ నీళ్లు, పాత వార్తాపత్రిక, అరగంట సమయం.. ఇంతకు మించి ఖర్చు లేదు. చేనుకు పోయే పంపు ముందుగా అరుగు మీద ఈ పరీక్ష నెగ్గాలి. నెగ్గని పంపును వీపున ఎత్తుకోకుండా దుకాణానికి తిప్పి పంపడమే మేలు.